ఆ తానులో ముక్కే

కుట్టుమిషను చప్పుడు ఆగితేనే ఆ ఇంట్లో అందరికీ భయం. ఆడుతున్నంతసేపూ టైలరమ్మ కోపం గుడ్డ మీదికి పోతుంది. ఆగిందంటే మనుషుల మీదికి వస్తుంది.

ఇప్పుడు ఆగింది.

"ముప్పై ఏళ్ళు," అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. "ముప్పై ఏళ్ళ జీతంలో మిగిలిందంతా తీసుకెళ్ళి ఒక్క కంపెనీలో పోశారు. అదీ మీరు పనిచేసే కంపెనీలోనే. వింటే ఎవరైనా నవ్విపోతారు."

"నిన్నటినుంచీ అదే మాట," అన్నాడు రంగుల మాస్టారు.

"మాట మార్చడానికి ఇంకేమైనా మిగిల్చారా?"

రంగుల మాస్టారంటే బొమ్మలు వేసే మాస్టారు కాదు. రంగుల కంపెనీలో షేడ్లు కలిపే మనిషి. ఏ గోడ మీదిదైనా పాత రంగు పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే చాలు, ఏ డబ్బాలోంచి ఎంత పోస్తే అచ్చం ఆ రంగు వస్తుందో కంటిచూపుతోనే చెప్పేస్తాడు. వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. పోయిన వారం దాకా ఆ సంగతి తలచుకుని మురిసిపోయినవాడే. ఇంతలో కంపెనీ చేతులు మారుతోందన్న వార్త వచ్చింది. షేరు ధర సగానికి పైగా పడిపోయింది. నిన్న భోజనాల దగ్గర భార్యకి నిజం చెప్పక తప్పలేదు. బ్యాంకులో భద్రంగా ఉందని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంటున్న సొమ్ము బ్యాంకులో లేదు. అంతా ఆ షేర్లలోనే ఉంది.

మునిగేవాడికి గడ్డిపరక దొరికినట్టు ఒకటే దారి మిగిలింది. ఉద్యోగుల దగ్గరున్న షేర్లను తామే ఒక రేటుకి కొంటామని కొత్త యాజమాన్యం చెప్పింది. పడిన రేటే, కాకపోతే బయటి బజారుకంటే నయం. ఇష్టమైనవాళ్ళు ఫోనులోనే ‘సరే’ అని నొక్కాలి. గడువు ఈ సాయంత్రం వరకే.

మాస్టారు పనికి పోకుండా పొద్దున్నించీ ఆ ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు. నొక్కడం మాత్రం లేదు.

"నాన్నా, మామయ్య వచ్చాడు," అంది కూతురు వాకిట్లోంచి. కళ్ళాసుపత్రిలో చూపు పరీక్షలు చేసే పిల్ల. ఇవాళ సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చుంది. ఇద్దరి మధ్యా ఎవరో ఒకరు లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తారని ఆ పిల్ల భయం.

టైలరమ్మ తమ్ముడు లోపలికి వచ్చాడు. యాభై దాటి, నెత్తి మీద వెంట్రుకలు వేళ్ళమీద లెక్కపెట్టేలా ఉన్నా ఈ ఇంట్లో అతని పేరు చిన్నోడే. ఊళ్ళో నలుగురి పొదుపు డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పి, ఆ వచ్చే కమీషనుతో బతుకుతాడు. కుర్చీ మీది గుడ్డ ముక్కలు పక్కకి తీసి కూర్చున్నాడు. అక్క మొహం చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"వచ్చావా?" అంది అక్క. "మీ బావగారికి చెప్పు. ఇప్పుడైనా చెప్పు. చేతులు కాలాయి, కనీసం ఆకులైనా పట్టుకోమను."

"వాడేం చెబుతాడో నాకు తెలుసు," అన్నాడు మాస్టారు. "అమ్మెయ్యమంటాడు. అమ్మితేనే కదా వాడికి పని."

"బావా, ఒక్క ప్రశ్న. నీ జీతం ఎక్కణ్ణించి వస్తుంది?"

"కంపెనీ నుంచి."

"రిటైరైనప్పుడు చేతిలో పెట్టే గ్రాట్యుటీ?"

"కంపెనీయే ఇస్తుంది. ఎవడిస్తాడు?"

"షేర్లు కూడా వాళ్ళవే. ఆ గేటుకి తాళం పడితే నీకు మూడూ ఒకేసారి ఆగిపోతాయి. షేర్లు కొనడం తప్పనను. ఏ గేటులోంచి జీతం తెచ్చుకుంటున్నావో ఆ గేటులోకే మళ్ళీ పొదుపంతా పట్టుకెళ్ళి పెట్టడం తప్పంటాను."

మాస్టారికి ఉన్నమాటంటే ఉలుకు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నా పనిలో ఒక పద్ధతుంది," అన్నాడు అటు తిరిగే. "తడి రంగు చూసి మాట్లాడకూడదు. గోడకి వేసిన వెంటనే ఏ రంగైనా వేరుగానే కనబడుతుంది. తెలియనివాడు కంగారుపడి అందులో ఇంకేదో కలిపి మొత్తం పాడుచేస్తాడు. తెలిసినవాడు ఆరేదాకా ఆగుతాడు. ఇప్పుడా షేరు తడిగా ఉంది. అంతే."

"బాగుంది బావా. కానీ ఆరేదాకా ఆగడానికి గోడకి ఆకలి వెయ్యదు. మనకి వేస్తుంది."

కూతురు నవ్వాపుకుంది. టైలరమ్మ ఆపుకోలేదు. "హమ్మయ్య, మా వాడికి నోరొచ్చింది," అంది. ఆ నవ్వులో ఎక్కడో పదును తక్కువైంది. తమ్ముడు తప్ప ఎవరూ గమనించలేదు.

ఫోను మోగింది. కంపెనీలో రంగులు కలిపే షెడ్డులో మాస్టారు కింద పని నేర్చుకున్న ఫోర్‌మన్. మాస్టారు గొంతు సవరించుకుని స్పీకరు నొక్కాడు. కంగారుగా ఉన్నప్పుడు అందరూ వినేలా మాట్లాడటం ఆయనకి అలవాటు.

"గురువుగారూ, షెడ్డంతా అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

"చెప్పానుగా. ఆగండి. నేనూ ఆగుతున్నాను."

"మీరు ఆగితే మాకదే చాలండీ," అని అతను పెట్టేశాడు.

"ఊరందరికీ ఉచిత సలహాలు!" అంది టైలరమ్మ.

"అడిగారు, చెప్పాను."

"అమ్మా, ఉండు," అంది కూతురు. "మామయ్యా, అమ్మితే ఆ డబ్బు ఏం చెయ్యాలో అదన్నా చెప్పు. అది తేలకే నాన్న తేల్చుకోలేకపోతున్నారేమో."

చిన్నోడు మేనకోడలు ఇచ్చిన టీ గ్లాసు కింద పెట్టాడు. ఒక్క గుక్క కూడా తాగలేదు.

"ముందొకటి తెలియాలి. బావా, ఎన్నేళ్ళు బతుకుదామని నీ ఉద్దేశం?"

ఆ మాట ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"అదేం ప్రశ్నరా?" అన్నాడు మాస్టారు.

"డబ్బు ఎన్నేళ్ళు రావాలో తెలియకుండా ఎలా సర్దడం?"

"డెబ్భై అయిదనుకో."

"మీ ఇష్టమా?" అంది టైలరమ్మ. "నేను మీకంటే ఆరేళ్ళు చిన్న. మా అమ్మ తొంభై దాకా సూదిలో దారం తానే ఎక్కించుకుంది. మీరు డెబ్భై అయిదుకి చక్కగా వెళ్ళిపోతే, ఆ తర్వాత నేనేం తిని బతకాలి, మీ షేడ్ కార్డులా?"

"చూశావా, నా చావు లెక్క కూడా మీ అక్క చేతిలోనే ఉంది."

"నాన్నా!" అంది కూతురు.

ఎవరూ నవ్వలేదు.

"తొంభై అనుకుందాం," అన్నాడు చిన్నోడు నెమ్మదిగా. "ఇద్దరిలో ఎక్కువ బతికేవాళ్ళ లెక్కే లెక్క. అలా చూసుకుంటే డబ్బు ఒక్కచోట ఉండటానికి వీల్లేదు. రాబోయే నాలుగైదేళ్ళ తిండికి, మందులకి, అద్దెకి కావలసింది అసలు కదలని చోట ఉండాలి. డిపాజిట్లో. దాని జోలికి ఏ బజారూ రాకూడదు. ఆ తర్వాతి ఏళ్ళది కాస్త వడ్డీ ఎక్కువొచ్చే బాండ్లలో. ఎప్పుడో ముసలితనంలో వాడుకునేది మాత్రం షేర్లలో. అదీ ఒక్కదాంట్లో కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పది రకాల వ్యాపారాల్లో. ఒకటి పడినా ఇంకోటి నిలబడాలి."

"ఇంత గొడవెందుకు? మొత్తం బ్యాంకులో వేస్తే పోలా?" అంది టైలరమ్మ.

"అదీ తప్పే అక్కా. నువ్వు మిషను కొన్న కొత్తలో దారం ఉండ రేటెంత? ఇప్పుడెంత? మొత్తం బ్యాంకులో పెడితే, అసలు అలాగే ఉంటుంది, దాంతో వచ్చే దారం తగ్గిపోతూ ఉంటుంది. పడిపోతుందన్న భయం ఒక రకం, అరిగిపోతుందన్న భయం ఇంకో రకం. రెండిటికీ చోటు ఉంచాలి."

టైలరమ్మ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. బడిపిల్లల యూనిఫారం చొక్కాలు, దొంతరగా పక్కన ఉన్నాయి. ఏ పిల్లాడి చొక్కాకైనా పక్క కుట్టులో రెండు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి వదలడం ఆవిడ పద్ధతి. పిల్లాడు ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. చాలామంది టైలర్లు గుడ్డ ఆదా అని ఆ మడత మింగేస్తారు. ఈవిడ మింగదు. నిన్నటి గొడవలోనూ ఆ మడతనే ఆయుధంగా వాడింది. ‘మీరు వదలకపోయినా నేను వదిలాను. నా కుట్టుకూలి నాది. మా తమ్ముడి చేత డిపాజిట్ వేయించుకున్నాను. ఈ సంసారానికి లోపలి మడత అదే’ అని మొగుడి మొహాన కొట్టినట్టు చెప్పింది. మాస్టారు ఆ మాటకి తల దించుకున్నాడు.

ఇప్పుడు తల ఎత్తాడు.

"నేను రాత్రంతా ఆలోచించాను," అన్నాడు. గొంతులో బెట్టు పోయింది. "చిన్నోడా, నువ్వన్న ఆ మొదటి వాటా, నాలుగైదేళ్ళ తిండికి కదలని చోట ఉండాలన్నావే, అది ఉంది. మీ అక్క దగ్గర ఉంది."

మిషను చప్పుడు ఒక్క క్షణం తడబడి మళ్ళీ సాగింది.

"నిన్న ఆ మాట అన్నప్పుడు సిగ్గేసింది. తర్వాత ఆలోచిస్తే ధైర్యం వచ్చింది. నిజం చెప్పనా? మొదట షేర్లు కొన్నప్పుడు కూడా నాకున్న ధైర్యం అదే. ఎలా పోయినా ఆవిడ డిపాజిట్ ఉంది కదా, సంసారం వీధిన పడదు కదా అనుకునే కొన్నాను. కాబట్టి ఇప్పుడు అమ్మను. ఆవిడ దాంతో గడుపుకుందాం. నాది ఆరేదాకా ఆగుతుంది. ఎన్నేళ్ళు పట్టినా సరే."

"అదీ ఒక లెక్కే," అంది కూతురు ఆలోచనగా. "అమ్మది అంత భద్రంగా ఉంటే, నాన్న ఆగొచ్చేమో. ఏం మామయ్యా?"

చిన్నోడు నీళ్ళు నమిలాడు. "అదీ... అంటే... అక్కది... అక్కనే అడగాలి."

"అడగడానికేముంది? వేయించింది నువ్వేగా?"

"వేయించాననుకో. అయినా..." అని టీ గ్లాసు తీసుకున్నాడు. చల్లారిపోయిన టీ ఒక్క గుటకలో మింగేశాడు.

కూతురు మామయ్య వైపు చూసింది. తర్వాత అమ్మ వైపు. తర్వాత అమ్మ చేతిలోని చొక్కా వైపు.

"అమ్మా, ఆ చెయ్యి చూడు. కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేశావు."

టైలరమ్మ చూసుకుంది. నిజమే. మిషను ఎక్కిన కొత్తలో కూడా చెయ్యని తప్పు. ఆవిడ బ్లేడు తీసుకుని కుట్టు విప్పడం మొదలుపెట్టింది. ఒకచోట దారంతో పాటు గుడ్డ కూడా తెగింది.

"పోనీలే, మరో ముక్క వెయ్యొచ్చు," అన్నాడు మాస్టారు. చాలా మెత్తగా అన్నాడు. నిన్నటినుంచీ తనని అన్ని మాటలన్న మనిషితో ఆయన అంత మెత్తగా మాట్లాడటమే ఆవిడకి తట్టుకోలేనిదైంది. "సాయంత్రమవుతోంది. ఈ ఫోను అవతల పడేస్తాను, ఇక ఆ సంగతి వదిలేద్దాం. నువ్వున్నావు, చాలు."

ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టాడు.

టైలరమ్మ నిజంగా మింగలేక కక్కలేక అయిపోయింది. నోరు విప్పకపోతే పరువు దక్కుతుంది. పొద్దువాలితే ఆయన చేతిలో ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. నోరు విప్పితే, నిన్నటినుంచీ తను విసిరిన ప్రతి మాటా వెనక్కి వచ్చి తన మీదే పడుతుంది. కోపం ఎప్పుడో ఆరిపోయింది. ఆవిడకి ఉన్నది భయం, పచ్చి భయం.

"అమ్మెయ్యండి," అంది.

"మళ్ళీ మొదలా?"

"అమ్మెయ్యమంటున్నాను. నా డబ్బు చూసుకుని ఆగకండి."

"ఎందుకాగకూడదు? నీ డబ్బు నాకెందుకులే అనుకుంటున్నావా? నీ కాణీ నేను ముట్టుకోను. తిండికి తప్ప..."

"అబ్బా, ముట్టుకోవడానికి ఉంటే కదా!"

చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు.

"డిపాజిట్ లేదు," అంది ఆవిడ. "పోయిన ఏడాదే తీసేశాను. వీడు వద్దని మొత్తుకున్నాడు. నేనే వినలేదు. మీకు చెబితే ఇంకెప్పుడూ నా గడప తొక్కొద్దని బెదిరించి వీడిచేత మాట తీసుకున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

"తీసి?" అన్నాడు మాస్టారు. "తీసి ఎక్కడ పెట్టావు?"

ఆవిడ తెగిన చొక్కా చేతిని ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టింది, విప్పింది.

"మీ దాన్ని ఏమన్నా, నాదీ ఆ తానులో ముక్కే."

కూతురికి ముందు అర్థమైంది. "అమ్మా! కంపెనీ షేర్లా?"

"మీ నాన్న రోజూ ఇంటికొచ్చి చెప్పేవారు కదా, మా కంపెనీ కొండలాంటిది, మా కంపెనీ కొండలాంటిది అని. విని విని నాకూ కొండలాగే కనబడింది. డిపాజిట్ వడ్డీ చూస్తే దారానికే చాలడం లేదు. ఆయన డబ్బంతా బ్యాంకులో ఉందిగా, ఒకళ్ళది భద్రంగా ఉంటే ఇంకొకళ్ళు కాస్త సాహసం చెయ్యొచ్చులే అనుకున్నాను."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మొహంలో కోపం కోసం ముగ్గురూ వెతికారు. దొరకలేదు.

"నీది బ్యాంకులో ఉందని నేను," అన్నాడు. "నాది బ్యాంకులో ఉందని నువ్వు."

"ఊఁ."

"ఒకే కప్పు కింద పడుకుని."

"ఊఁ."

"మరి నిన్నటినుంచీ నన్ను ఆ తిట్లు తిట్టావెందుకే? నీకు తెలిసి కూడా?"

"భయమేసి," అంది టైలరమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "మీరు చెప్పగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాదీ పోయిందని అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెబితే మీరు నన్ను ఒక్క మాట కూడా అనరు. నాకు తెలుసు. పోనీలే అంటారు. అది భరించలేననిపించింది."

మాస్టారు నిజంగానే ఒక్క మాట కూడా అనలేదు.

కూతురు అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. చిన్నోడు లేచి గది మధ్యకి వచ్చాడు. దాచిన మాట బయటపడ్డాక మనిషికి కాస్త ఊపిరి ఆడినట్టుంది.

"బావా, ఇప్పుడు విను. అక్క షేర్లు బజారులో కొన్నవి. ఉద్యోగుల రేటు వాటికి రాదు. బయట ఇప్పుడు సరైన ధరకి కొనేవాడు లేడు. అవి ఎలాగూ ఆగాల్సిందే. ఆరాక చూడాల్సిన రంగేదో ఉందంటే అది అక్కది. ఇంటికి ఎంత సాహసం తగునో అంతా అక్కడే అయిపోయింది, ఇక మిగల్లేదు. నీది మాత్రం ఈ పూటే బయటికి రావాలి. సగమా, పావా అని బేరం పెట్టకు. మొత్తం."

"మొత్తమంటే ముప్పై ఏళ్ళురా."

"ముప్పై ఏళ్ళు అయిపోయాయి. తొంభై దాకా ఇంకా బోలెడున్నాయి."

కిటికీలో ఎండ పచ్చబడింది. మాస్టారు బోర్లించిన ఫోను తిప్పాడు. కంపెనీ ముద్ర ఉన్న పేజీ తెరిచాడు. ఆ ముద్రకి వాడే ఎరుపు ఆయన కలిపిందే. బొటనవేలు దాని కిందికి, ‘సరే’ అన్న చోటికి తీసుకెళ్ళాడు. వేలు అద్దం మీద వాలబోతుండగా ఫోను మోగింది.

మళ్ళీ ఆ ఫోర్‌మనే.

"ఎత్తకు నాన్నా. ముందది నొక్కు," అంది కూతురు.

అలవాటైన చెయ్యి, అప్పటికే స్పీకరు నొక్కేసింది.

"గురువుగారూ, ఇప్పుడే ఇంటికొచ్చాను, ఒక్క మాటండీ. అందరం నిర్ణయానికొచ్చేశాం. మీరన్నట్టే ఆగుతున్నాం. ఒక్కడూ నొక్కలేదు. మీరూ నొక్కలేదు కదా?"

మాస్టారు నోరు తెరిచాడు. షెడ్డులో ఎవరు ఏం అడిగినా క్షణం ఆలస్యం లేకుండా జవాబు చెప్పే మనిషి. లేదని చెబితే అది నిజమే, ఇంకో నిమిషంలో అబద్ధమవుతుంది. భార్య వైపు చూశాడు. ఆ చూపు ఏమడుగుతోందో ఆవిడకి తెలుసు, పరువా, నిజమా అన్న ఆ గుంటలోంచి తను ఇందాకే పైకి వచ్చింది.

టైలరమ్మ ఒళ్ళోని చొక్కా పక్కన పెట్టి లేచింది. బల్ల దగ్గరికి వచ్చి ఫోను మీదికి వంగింది.

"అన్నయ్యగారూ, నేను మాట్లాడుతున్నాను. ఈయన ఇందాక ఆగమన్నది నా డబ్బు చూసుకుని. నా డబ్బు లేదు. మీరు ఎవరిది చూసుకుని ఆగుతున్నారు?"

"మాదాండీ?" అవతలి గొంతు నవ్వబోయి మానేసింది. "మాకేం ఫరవాలేదమ్మా. మా ఆవిడ దగ్గర విడిగా ఉంది. ఆవిడ మంచి జాగ్రత్త మనిషి."

"ఎక్కడ పెట్టిందో ఎప్పుడైనా అడిగారా?"

"ఒక్క నిమిషం లైన్లో ఉండండమ్మా," అన్నాడతను చివరికి. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు, అడుగుల చప్పుడు, భార్యని పిలుస్తున్న గొంతు వినిపించాయి. రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచాడు.

ఇక్కడ నలుగురూ ఆ ఫోను చుట్టూ నిలబడ్డారు. మాస్టారు బొటనవేలు ఇంకా గాల్లోనే ఉంది. అవతలి ఇంట్లోంచి ఆడగొంతు ఏమిటంది, అతను డబ్బు ఎక్కడ పెట్టావని అడిగాడు. తర్వాత ఇటు ఈ ఇంట్లోకి కూడా స్పష్టంగా వినపడేలా, అక్కడ ఆగడానికి కుట్టుమిషను లేదు గానీ, ఒక గిన్నె కింద పడింది.